బంతి తల కనబడాలి

నా ఎడమ చెవి సాంచెల పాలైంది, కరెంటు మగ్గాలను మా ఊళ్లో అలాగే అంటారు. ఇరవై రెండేళ్లు ఒకే షెడ్డులో, ఒకే గోడవారన నిలబడి నాలుగు సాంచెలు నడిపితే ఎవరి చెవైనా అంతే. కుడి చెవి మాత్రం ఇంకా నాకే ఉంది. నా భార్య మంజుల నన్ను తిట్టాలనుకుంటే ముందు కుడి పక్కకు వచ్చి కూర్చుంటుంది, తిట్టు వృథా పోకూడదని. మా బిడ్డ దీపికకు ఆ బాధ లేదు. ఏ పక్కన కూర్చున్నా అది మాట్లాడేది కాదు.

నేను చెప్పేది రెండేళ్ల కిందటి వానాకాలం సంగతి. దీపిక అప్పుడు తొమ్మిదో తరగతి. ఒడ్డూ పొడుగూ ఉన్న పిల్ల, నిదానస్తురాలు. ఖోఖోలో పెట్టుకుంటే అది లేచేలోపు ఆట అయిపోతుందని తోటి పిల్లలు నవ్వేవారట. కబడ్డీలో పేరు రాసుకుని మర్నాడే కొట్టేశారట. ఈ సంగతులేవీ అది మాకు చెప్పలేదు. బడి నుంచి వచ్చేది, తినేది, పుస్తకం ముందేసుకునేది. ఏమైందే అని అడిగితే ఏం లేదు అనేది. మంజుల బీడీల చాట ఒళ్లో పెట్టుకుని ఆకు కత్తిరిస్తూ దాని మొహం వైపూ నా మొహం వైపూ చూసేది. నాకేం తెలుసు? సాంచె ఆగితే ఎందుకు ఆగిందో చెప్పగలను గానీ, పిల్ల మాట ఆగితే ఎక్కడ తెగిందో వెతికే విద్య నాకు రాదు.

జూలైలో ఒకరోజు అది వచ్చి నా కుడి పక్కన కూర్చుంది. బడికి కొత్త ఆట వచ్చిందని చెప్పింది. దాని పేరు లాక్రోస్. పొడుగాటి కర్ర, కర్ర కొసకు చిన్న వల. ఆ వలతోనే బంతి పట్టాలి, వలతోనే విసరాలి, చెయ్యి తగలనీయకూడదు. మానేరు కట్ట మీద మన గల్లీ హనుమండ్లు చేపలు పట్టినట్టా అని అడిగాను. దీపిక నవ్వింది. నా మాటకు నా బిడ్డ నవ్వి ఎన్నాళ్లయిందో నాకు గుర్తులేదు. ఆ రోజు అన్నం రెండు ముద్దలు ఎక్కువే తిన్నాను.

ఆ ఆట తెచ్చింది మమతారాణి అనే కొత్త పీఈటీ మేడం. ఇచ్చోడ ఆమెది. మాటలో అక్కడక్కడా మరాఠీ దొర్లుతుంది. ఎవరో క్రీడా సంఘం వాళ్లు వాడి పక్కన పెట్టిన పదహారు స్టిక్కులు ఆమెకు ఇచ్చారట. ఆమె పెట్టిన షరతు ఒక్కటే, వచ్చిన పిల్లను వెనక్కి పంపేది లేదు. ఉరికేవాళ్లు, ఉరకలేనివాళ్లు, బంతి వస్తే కళ్లు మూసుకునేవాళ్లు, అందరూ రావచ్చు. మూడు వరసలు చేసింది. ముందు వరస పిల్ల వెనక వరస పిల్లకు నేర్పాలి. పోటీకి పోతే పదహారు మందీ గ్రౌండులో దిగాలి. ఆరుగురు ఆడే ఆటకు పదహారు మందిని తిప్పితే గెలుస్తారా అని మిగతా సార్లు నవ్వితే, గెలవడానికి వేరే బళ్లు చాలా ఉన్నాయి అందట.

దీపిక మూడో వరసలో మొదలుపెట్టి ఆగస్టుకల్లా రెండో వరసలోకి వచ్చింది. ఇక ఇంట్లో దాని నోరు మూతపడేది కాదు. బంతి వచ్చేటప్పుడు వల ఎదురు పెట్టకూడదట, బంతితో పాటే చెయ్యి వెనక్కి తీసుకోవాలట. గరిటె పట్టుకుని చూపించేది. మంజుల కత్తెర ఆపి మరీ వినేది. పక్కింటి నవత మొదటి వరసలో ఉండేది, పాదరసం లాంటి పిల్ల. ఆ నవత కూడా నిన్న బంతి జారవిడిచింది, నేను పట్టాను అని మా బిడ్డ చెప్పుకుంటుంటే, నేను షెడ్డుకు ఆలస్యమైనా లేచేవాణ్ని కాదు.

ఆగస్టు నెలాఖరున వారం రోజులు ముసురు పట్టింది. బడి సామాన్ల గది తలుపు తెరిచేసరికి ఎలుకలు ఆరు స్టిక్కుల వలలు కొరికేశాయి. కొత్త వలలు కరీంనగర్‌లోనే దొరకవు, మా ఊళ్లో ఎక్కడ దొరుకుతాయి. వచ్చే శనివారమే కరీంనగర్‌లో ఆసిఫాబాద్ పిల్లలతో పోటీ. మేడం తల పట్టుకుని కూర్చుంటే దీపిక లేచి చెప్పిందట, మా బాపు కడ్తడు మేడం అని. నేను ఈ మాట నవత నోట విన్నాను. నలుగురిలో నా బిడ్డ నా పేరు చెప్పి లేచి నిలబడిందంటే నాకు ఛాతీ ఎంత వెడల్పయిందో చెప్పలేను.

పోటీకి సరిగ్గా వారం ముందు, శనివారం సాయంత్రం గోనెసంచిలో పదహారు స్టిక్కులూ ఇంటికి చేరాయి. తెగినవి ఆరు, చూసి కట్టడానికి నమూనాగా బాగున్నవి పది. దీపిక, వాళ్లమ్మ ఆ రాత్రే మంథనికి పోయారు, మంజుల అన్న కొడుకుకు పుట్టువెంట్రుకలు. ఆదివారం నాకు షెడ్డు సెలవు. ఇంట్లో నేనూ, సంచీ.

ఇక్కడ మా నాయన గురించి ఒక మాట చెప్పాలి. ఆయన చేతిమగ్గం మనిషి. పడుగులో ఒక్క పోగు వదులైనా, మగ్గంలో పోగు తిప్పే నాడె తీసి నా వేళ్ల మీద కొట్టేవాడు. గుడ్డలో వదులు కనిపిస్తే నేసినవాడి ఇజ్జత్ పోయినట్టే లెక్క. నేను సాంచెల మీదికి వచ్చాక చేతికి పని లేకుండా పోయింది, అంతా మోటారే చేస్తుంది. నా చేతి బిగువు చూపించడానికి మిగిలింది మా గల్లీ నులక మంచాలే. నేను కట్టిన మంచం మీద రూపాయి బిళ్ల వేస్తే ఎగరాలి. ఎగరకపోతే విప్పి మళ్లీ కడతాను.

తెగిన ఆరింటినీ సాంచెకు వాడే గట్టి నైలాన్ దారంతో అల్లాను. దారం గుంజి గుంజి బొటనవేలు కమిలింది. తర్వాత బాగున్నవాటి వైపు చూశాను. పదింటికి పదీ నడుమ కిందికి దిగి ఉన్నాయి, ముసలివాళ్లు పడుకునే మంచంలా. పాపం పిల్లలు, రెండు నెలలు వాడి వాడి సాగదీసుకున్నారు, చెప్పుకోవడానికి మొహమాటపడి ఉంటారు అనుకున్నాను. ఎవరూ చెప్పకుండానే ఆ పదీ విప్పాను. పదీ గుంజి కట్టాను. సాయంత్రానికి పదహారు స్టిక్కులూ ఒక్కలా తయారయ్యాయి. వేలితో మీటితే టంగుమన్నాయి. దుమ్ము పడకుండా సంచిలో పెట్టి మూతి కుట్టేశాను. చీకటి పడ్డాక వచ్చిన దీపిక ఆ కుట్టు విప్పలేదు, అలాగే పొద్దున బడికి మోసుకుపోయింది.

సోమవారం సాయంత్రం అది వచ్చి నా ఎడమ పక్కన కూర్చుంది.

ఏమైందే అన్నాను. పెదవులు కదిలాయి. ఏం లేదు అన్నదని నాకు చెవితో పనిలేకుండానే తెలిసింది. మంజుల పక్కింటికి పోయి నవతను అడిగి వచ్చింది. వచ్చి నా కుడి పక్కన కూర్చుంది. బంతి ఒక్కటీ వలలో నిలవలేదట. వచ్చిన బంతి వచ్చినట్టే తిరిగి ఎగిరిపోయిందట. పదహారు మందిలో ఒక్కరు కూడా పట్టలేకపోయారట. పిల్లలు వాటికి, నా పేరు కలిపి, కైలాసం మంచాలు అని పెట్టారట.

"బాగున్నయి గూడ విప్పినవా?" అంది మంజుల.

"అవి సాగిపోయి ఉండె."

"సాగాల్నట. గా గుంతల్నే బంతి కూసుంటదట. నువ్వొక్క మాట అడగొద్దా?"

నాకు ముందు కోపం వచ్చింది. వదులు దానితో ఆడే ఆట ఏమి ఆట, నా కట్టుకు వంక పెట్టినవాడు ఇంతవరకు పుట్టలేదు అని పెద్ద గొంతుతోనే అన్నాను. లోపల గదిలో దీపిక సంచిలో పెట్టుకున్న ఆట బట్టలు తీసి దండెం మీద వేస్తోంది. కరీంనగర్ రానని మేడంకు చెప్పేసిందని అప్పుడు తెలిసింది. నేను గుమ్మం దాకా పోయాను. బిడ్డా అన్నాను.

అది వెనక్కి తిరగలేదు. కుడి చెవి అటు పెట్టి నిలబడ్డాను కాబట్టి వినిపించింది.

"మా బాపు కడ్తడని నేనే చెప్పిన."

అంతే అంది. నేను అన్నం ముందు కూర్చుని సగంలో లేచాను. రెండు నెలలు మాట్లాడిన పిల్లను నా చేత్తో నేనే మళ్లీ మూగదాన్ని చేశానని నాకు అర్థమైంది. ఎలుకలు ఆరే పాడు చేశాయి, నేను పదహారూ పాడు చేశాను.

మర్నాడు మా షెడ్డు నడిపే ఆసామి రాయమల్లు దగ్గరికి పోయి బుధవారం సెలవు అడిగాను. పండుగ చీరల ఆర్డరు మీద షెడ్డు ఊపిరాడకుండా ఉంది. పిల్లల ఆటకు సెలవేందిరా కైలాసం అని ఆయన విసుక్కున్నాడు.

"ఆటకు కాదు సేటు. పని తప్పు చేసిన. విప్పి మళ్ల చెయ్యాలె," అన్నాను.

ఆయన కూడా ఒకప్పుడు మగ్గం గుంటలో కూర్చున్నవాడే. నా కమిలిన వేలు చూసి, ఒక్క రోజే అన్నాడు.

బుధవారం పొద్దున ప్రార్థన అయ్యేసరికి బడిలో ఉన్నాను. మమతారాణి మేడం కుర్చీ వేయించింది. నేను వరండాలో కిందనే కూర్చున్నాను, పని కిందనే అవుతుంది. చూసి కట్టడానికి నమూనా ఒక్కటీ మిగల్చలేదు మేడం అని ఒప్పుకున్నాను. అనుకున్నంత కష్టం కాలేదు ఆ మాట.

ఆమె నా ముందు మోకాళ్ల మీద కూర్చుని ఒక స్టిక్కు నా కళ్లకు సమానంగా పట్టింది, వలలో పచ్చని బంతి వేసి. వల మరీ లోతుగా ఉంటే రెఫరీ ఒప్పుకోడని, ఇలా పట్టి చూసినప్పుడు అంచు పైన బంతి తల కనబడాలని చెప్పింది. అంతకంటే తక్కువ లోతు ఎంతైనా పెట్టుకోవచ్చట.

"ఎంత పెట్టాలె మరి?" అన్నాను.

"అది నేను చెప్పేది కాదు అన్నా. ఎవలకెంతనో వాళ్ల చెయ్యి చెప్పాలె."

ఒక్కో పిల్లనే క్లాసు నుంచి పిలిపించింది. వాళ్లు వచ్చి నా ముందు కూర్చునేవారు. మూడో వరస పిల్లలు, ఇంకా కళ్లు మూసుకునేవాళ్లు, బంతి జారకుండా లోతుగా కావాలన్నారు. నవతకు పళ్లెం అంత లోతు చాలట, ఎక్కువైతే విసిరేటప్పుడు బంతి ఆలస్యమవుతుందట. ఇరవై రెండేళ్లుగా మీటరు తర్వాత మీటరు ఒకటే గుడ్డ దింపినవాణ్ని. ఒక్కొక్కరి చేతికి ఒక్కో తీరు కట్టడం నాకు కొత్త.

కానీ నా వేళ్లు మాట వినలేదు. వదలాలని వదులుతాను, ముడి దగ్గరికి వచ్చేసరికి వాటంతట అవే గుంజేస్తాయి. మొదటి స్టిక్కు మూడుసార్లు విప్పాను. రెండోదీ అంతే. నాలుగోదానికి వచ్చేసరికి చెమటలు పట్టాయి. దీపిక దూరంగా నల్లా దగ్గర నిలబడి చూస్తోంది. దాన్ని ఎవరూ పిలవలేదు. నాకూ పిలిచే మొహం లేదు.

కాసేపటికి వచ్చింది. వచ్చి నా కుడి పక్కన కూర్చుంది. నా చేతిలో వలలో బంతి పెట్టి, బొటనవేలితో కిందికి నొక్కింది.

"ఇంకా ఇడువు."

"ఇంతనా?"

"ఇంకా."

"ఇంకా ఇడిస్తే జారిపోతది బిడ్డా."

"పోదు బాపు. నేను పట్టుకున్న గద."

అది నొక్కి పట్టింది, నేను ముడి వేశాను. నేను ముడి వేస్తున్నంత సేపూ దాని వేలు అక్కడే ఉంది. ఆ వలలో బంతి పడి కూర్చుంది. నాకు సిగ్గూ సంతోషం కలిసే వచ్చాయి, రెంటినీ విడదీయడం నా వల్ల కాలేదు. ఆ తర్వాత పని పరుగెత్తింది. అది నొక్కడం, నేను ముడివేయడం. మధ్యలో ఎవరి చెయ్యి ఎలాంటిదో, ఎవరు భయపడతారో, ఎవరికి ఎడమ చేతి వాటమో చెబుతూనే ఉంది. మధ్యాహ్నం మేడం చాయ్ పంపితే ఒకే గ్లాసులో ఇద్దరం తాగాం.

ఆఖరున మిగిలింది దీపిక స్టిక్కు. కట్టి చూపిస్తే సరిపోయిందని చెప్పి నీళ్లు తాగడానికి లేచింది. అది అటు పోగానే నేను దారం ఇంకో అరవేలి మందం వదిలాను. అందరి పిల్లలకూ చేసి నా బిడ్డకు కొంచెం ఎక్కువ చేయకపోతే ఎట్లా అనిపించింది.

ఆ సాయంత్రం ఆట బట్టలు దండెం మీది నుంచి సంచిలోకి చేరాయి.

శనివారం షిఫ్టు మార్చుకుని కరీంనగర్ పోయాను. తల్లిదండ్రులను తాడు ఇవతలే నిలబెట్టారు. ఆసిఫాబాద్ పిల్లలు సన్నగా, చురుగ్గా, వార్మప్‌లోనే గ్రౌండంతా వాళ్లదే అన్నట్టు ఉన్నారు. ఆట మొదలయ్యే ముందు రెఫరీ ఒక్కో స్టిక్కు తీసుకుని, కళ్లకు సమానంగా ఎత్తి, బంతి వేసి చూస్తున్నాడు. పదిహేనింటిలో బంతి తల కనబడింది. పదహారోది ఎత్తాడు. దించాడు. మళ్లీ ఎత్తాడు. తల అడ్డంగా ఊపి దీపిక చేతిలో పెట్టేశాడు.

వేరే స్టిక్కు లేదు. మేడం గడియారం చూసుకుంటోంది. నేను తాడు దాటబోతే వాలంటీర్ ఆపాడు. రెండు చేతులూ ఎత్తి సైగ చేశాను, ఇటు తీసుకురమ్మని. దీపిక నా వైపు చూడనే లేదు.

అక్కడే గడ్డి మీద కూర్చుంది. ముడి పంటితో పట్టి విప్పింది. దారం గుంజింది, నాలాగా ఒక్కసారి కాదు, బంతి లోపలే ఉంచి, బొటనవేలితో చూసుకుంటూ కొంచెం కొంచెంగా. తర్వాత కొసను మడిచి, కింద నుంచి తీసి, వేలికి చుట్టి ముడి వేసింది. అది మా నాయన ముడి. పోగు తెగితే ఆయన వేసే ముడి. నాడెతో వేళ్ల మీద కొట్టి నాకు నేర్పిన ముడి. నేను దాన్ని ఎవరికీ నేర్పలేదు, ఇప్పుడు దానితో ఎవరికి పని అని. బుధవారం నా పక్కన కూర్చుని చూసిందంతే.

రెఫరీ మళ్లీ ఎత్తాడు. అంచు పైన పచ్చగా బంతి తల కనబడింది.

ఆట సంగతి దాచేదేముంది, ఓడిపోయాం. వాళ్లవి తొమ్మిది గోల్స్, మావి నాలుగు. పదహారు మందీ గ్రౌండులో దిగారు. దీపిక ఒకటి జారవిడిచింది, మూడు పట్టింది. మూడోది పట్టి నవతకు విసిరితే నవత గోల్ కొట్టింది. కళ్లు మూసుకునే పిల్ల ఒకసారి కళ్లు మూసుకునే పట్టేసి, కళ్లు తెరిచి చూసుకుని తనే నమ్మలేకపోయింది. ఆసిఫాబాద్ వాళ్లు కూడా చప్పట్లు కొట్టారు.

సాయంత్రం బస్సులో నేను కిటికీకి ఎడమ చెవి పెట్టి కూర్చున్నాను. నా పక్కన నవత కూర్చుంది. దీపిక వచ్చి దాన్ని లేపి ఆ సీట్లో కూర్చుంది.

"నాది ఎందుకు ఎక్కువ ఇడిసినవ్ బాపు?"

అబద్ధం చెప్పాలనిపించింది. చెప్పలేకపోయాను.

"నీకు జారొద్దని."

కమిలిన నా బొటనవేలిని తన చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి చూసింది.

"జారితే మళ్ల పట్టుకుంట గద," అంది.

తర్వాత ఆట మొదటి నుంచి చెప్పడం మొదలుపెట్టింది. ఎవరు ఎటు ఉరికారో, బంతి ఎక్కడ పడిందో, తను ఎప్పుడు భయపడిందో, ఎప్పుడు భయం మరిచిపోయిందో. మా ఊరు వచ్చేదాకా ఆపలేదు. అంతా నేను తాడు ఇవతల నిలబడి నా కళ్లతో చూసిందే. అయినా కుడి చెవి దాని వైపే పెట్టి, ఏమీ తెలియనివాడిలా, తర్వాత ఏమైందే అని అడుగుతూ వచ్చాను.